పెద్ద రాజ్యాల నడుమ వెలనాడు: చందవోలు చోడుల యుద్ధాలు, పొత్తులు

(తెనాలిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



మన మాస్టారు ఏ రాజు గురించి చెప్పబోయినా ముందు బోర్డు మీద పటం గీసేవారు. నది ఎటు పారుతోంది, ఎవరికి ఎవరు పొరుగు, సముద్రం ఎంత దూరం అన్నది తెలియకుండా యుద్ధాల తేదీలు బట్టీ పట్టి ఏం లాభం అనేవారు. ఆయన పేరున జరిగే సభ కాబట్టి నేనూ పటంతోనే మొదలుపెడతాను. ఇవాళ్టి విషయం మనం నిలబడిన నేలదే.

కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు ఆమెకు కుడిపక్కన పరుచుకున్న సీమ వెలనాడు. ఇప్పటి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు చాలావరకు అందులోవే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది, తక్కిన రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఈ మూడు చోట్లా చందవోలు మాట చెల్లేది. చందవోలు ఇవాళ పిట్టలవానిపాలెం మండలంలో ఒక గ్రామం. లింగోద్భవస్వామి కోసమో, బండ్లమ్మ తల్లి కోసమో అక్కడికి వెళ్లినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. సుమారు 1076 నుంచి 1206 దాకా, అంటే 130 ఏళ్ల పాటు, వెలనాటి చోడులు ఆ ఊరిని ముఖ్యపట్టణంగా చేసుకుని ఏలారు.

ఇక చుట్టుపక్కల చూడండి. కృష్ణకు ఎగువన ధరణికోటలో కోట వంశం వారు. ఇంకా పడమర పల్నాడులో హైహయులు. నాదెండ్లలో కొండపడమటి వారు. దక్షిణాన కొణిదెన, నెల్లూరు చోడులు. కృష్ణ పాయకు అవతల దివిసీమలో అయ్య వంశం వారు. వీళ్లంతా వెలనాటి వారి లాంటి మండలాధిపతులే. ఈ వరసకు వెలుపల అసలు పెద్ద రాజ్యాలున్నాయి: దక్షిణాన చోళులు, వాయవ్యాన కల్యాణి చాళుక్యులు, తర్వాత ఉత్తరాన కాకతీయులు. ఇన్ని కత్తుల నడుమ ఒక చిన్న రాజ్యం ఎలా బతికింది, చివరికి ఎందుకు పోయింది అన్నదే నా ప్రశ్న.

1. చోళుల కొలువు

వెలనాటి కథకు ముఖ్య ఆధారం వెలనాడులో లేదు, పిఠాపురంలో ఉంది. శక సంవత్సరం 1108, అంటే క్రీ.శ. 1186లో చివరి రాజు పృథ్వీశ్వరుడి కాలాన అక్కడి కుంతీమాధవస్వామి గుడిలో వేయించిన స్తంభ శాసనం ఆ వంశవృక్షాన్నంతా చెబుతుంది. ఆ దానం చేసినది రాజమాత జయమాంబ.

1070లో ఒక పెద్ద మలుపు. నన్నయకు భారతం అప్పగించిన రాజరాజనరేంద్రుడి కొడుకు చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. వేంగి రాజకుమారుడికి చోళ రాజ్యం దక్కింది. మరి తండ్రి ఏలిన వేంగి రాజ్యాన్ని ఎవరు చూడాలి? తన కొడుకులను ఒకరి తర్వాత ఒకరిగా పంపాడు. ఆ కుర్రవాళ్లకు అండగా స్థానికుల బలం కావాలి. ఆ బలమే వెలనాటి మొదటి గొంకరాజు.

ఆ సేవకు ప్రతిఫలం దక్కింది. గొంకరాజు బంధువు వేదురుడు పాండ్యులతో యుద్ధంలో గెలిచినందుకు కులోత్తుంగుడి కొడుకు వీరచోడుడు అతనికి రెండు నదుల నడిమి సీమ ఇచ్చాడని పిఠాపురం శాసనం అంటుంది. గొంకరాజు కొడుకును కులోత్తుంగుడు తన కొడుకులలో ఒకడిగా చూసుకుని వేంగి పదహారు వేల నాడు అప్పగించాడని కూడా అదే శాసనం చెబుతుంది. ఆ కొడుకు పేరు రాజేంద్రచోడుడు. పట్టాభిషేకానికి ముందు కులోత్తుంగుడి పేరూ రాజేంద్రుడే. ఏలిక పేరు బిడ్డకు పెట్టుకోవడం ఆనాటి విధేయతకు గుర్తు. ఇక్కడిదాకా కథ సుఖంగానే ఉంది. పెద్దదిక్కు ఒక్కటే ఉన్నప్పుడు చిన్న రాజ్యానికి ఆలోచించే పనే ఉండదు.

2. 1118: ఏలిక మారిన వేళ

కష్టకాలం 1118 ప్రాంతాన వచ్చింది. వేంగిని పాలిస్తున్న కులోత్తుంగుడి కొడుకు విక్రమచోళుడు యువరాజుగా దక్షిణానికి వెళ్లాడు. వెంట సైన్యం వెళ్లింది. ఎప్పటి నుంచో కాచుకుని ఉన్న కల్యాణి ఆరో విక్రమాదిత్యుడు ఖాళీ చూసి అడుగు పెట్టాడు. అతని పక్షాన అనంతపాల దండనాయకుడు వేంగి పాలకుడయ్యాడు.

వెలనాటి రాజేంద్రచోడుడికి అప్పుడు మూడు దారులు. దక్షిణం నుంచి రాని సాయం కోసం ఎదురుచూస్తూ ఒంటరిగా పోరాడి చావడం ఒకటి. పారిపోవడం రెండోది. కల్యాణికి తలవంచి తన సీమను తాను నిలుపుకోవడం మూడోది. అతను మూడోది ఎంచుకున్నాడు. ఇతని తండ్రిని చేరదీసిన వంశానికి ఇది ద్రోహం కాదా అని అడిగేవాళ్లున్నారు. గోడమీద పిల్లి అనేసినవాళ్లూ ఉన్నారు. కానీ కాపాడతానన్న ఏలిక తన సైన్యాన్ని తీసుకుని వెళ్లిపోయాక సామంతుడి మాట ఒక్కటే కట్టుబడి ఉండాలని ఎలా అంటాం? రక్షణ ఇచ్చినన్నాళ్లే విధేయత. సామంత వ్యవస్థలో ఆ ఒప్పందం రెండువైపులా ఉంటుంది.

ఈ మార్పు మనకు తెలిసింది తేదీల వల్ల. ఆనాటి దాన శాసనం ఏదైనా కాలం చెప్పడంతో మొదలవుతుంది. చోళుల చేతిలో ఉంటే చోళరాజు పాలనలో ఇన్నో ఏడు అని రాస్తారు. కల్యాణి చేతికి వచ్చాక 1076లో విక్రమాదిత్యుడు మొదలుపెట్టిన చాళుక్య విక్రమ శకం మన తీరంలో కనబడుతుంది. ఎవరికీ చెందని రోజుల్లో శకవర్షం మాత్రమే ఉంటుంది. గుడి గోడ మీద ఒక కాపు దీపానికి గొర్రెలు ఇచ్చినట్టు రాయించుకున్నా, ఆ మొదటి పంక్తిని బట్టి ఆ ఏడు ఆ ఊరికి దొర ఎవరో చెప్పవచ్చు. బాపట్ల భావనారాయణస్వామి గుడి, చేబ్రోలు గుళ్లు ఇలాంటి శాసనాలకు పెట్టింది పేరు. యుద్ధ చరిత్ర అంటే వీరుల బిరుదులే అనుకునేవాళ్లు ఒకసారి ఆ మొదటి పంక్తులు వరసగా చదవాలి.

ఆ రాళ్ల మీద మరొకటి కూడా తెలుస్తుంది. ఏలికలు మారినా దీపాలు ఆగలేదు. అఖండ దీపానికి 55 గొర్రెలు ఇవ్వడం ఈ ప్రాంతపు శాసనాల్లో తరచు కనబడుతుంది. ఆ గొర్రెలను ఒక బోయ తీసుకుని, రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. చోళులు గెలిచినా కల్యాణి గెలిచినా ఆ బోయ నెయ్యి పోస్తూనే ఉన్నాడు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయని సామెత. ఆ కాళ్లు విరగకుండా చూడడమే చిన్న రాజు పని. రాజేంద్రచోడుడు తలవంచి ఆ పని చేశాడని నేననుకుంటున్నాను.

3. తిరుగు పయనం

1126లో విక్రమాదిత్యుడు చనిపోయాడు. కల్యాణి పట్టు సడలింది. విక్రమచోళుడు వేంగిని మళ్లీ అందుకోవాలని చూశాడు. 1130 తర్వాత కొద్ది ఏళ్లలో మన్నేరు ఒడ్డున ఒకసారి, గోదావరి తీరాన మరొకసారి పోరు జరిగి కల్యాణి సేనలు వెనక్కి తగ్గాయి. గోదావరి గెలుపు రాజేంద్రచోడుడి కొడుకు రెండో గొంకరాజుది. తండ్రి తలవంచిన చోట కొడుకు కత్తి దూశాడు. ఇద్దరూ చేసినది ఒకే పని: గాలి ఎటు వీస్తోందో చూసుకుని తన నేలను నిలబెట్టుకోవడం.

రెండో గొంకరాజు కాలం, సుమారు 1132 నుంచి 1161 దాకా, వెలనాటికి మహర్దశ. పేరుకు చోళ సామంతుడే. చోళ రాజధాని మాత్రం చాలా దూరం. గోదావరికి ఉత్తరాన కూడా అతని మాట చెల్లింది. కోట వారు, దివి వారు, ఇంకా ఎందరో మండలాధిపతులు చందవోలు వెనక నడిచారు. కాకతీయ రెండో ప్రోలరాజు తీరం మీదికి దండెత్తి వచ్చి 1150ల చివర ఈ కూటమి చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ద్రాక్షారామం శాసనంలో కోట చోడయరాజుకు ‘కాకతి ప్రోల నిర్దహన’ అని బిరుదు ఉంది. ఈ బిరుదు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికి రావాలి.

గొంకరాజు బలం కోటగోడల్లో కంటే ఇరుగుపొరుగులో ఉంది. ఒక పెద్ద శత్రువు వచ్చినప్పుడు పదిమంది చిన్న దొరలు ఒక వరసలో నిలబడ్డారు. వెలనాటి చరిత్రలో ఇంత ఐకమత్యం మళ్లీ కనబడదు.

4. ఖాళీలో దొరికిన స్వేచ్ఛ

1160 ప్రాంతం నుంచి రెండు పెద్ద రాజ్యాలూ సన్నగిల్లాయి. కల్యాణి గద్దెను కలచురి బిజ్జలుడు ఆక్రమించాడు. చాళుక్యులు తిరిగి తలెత్తినా 1189 నాటికి వారి కథ ముగిసింది. చోళుల శక్తి పాండ్య వారసత్వపు తగాదాల్లో ఖర్చయింది. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంతో తానే స్వతంత్రుడనని చాటుకున్నాడు. చందవోలులో రెండో రాజేంద్రచోడుడు కూడా దాదాపు స్వతంత్రుడే అయ్యాడు.

పైన ఎవరూ లేకపోవడం బలం అనిపిస్తుంది. నిజానికి అక్కడే ప్రమాదం ఉంది. అంతవరకు వెలనాడు రెండు పెద్ద శక్తుల నడుమ తూకం చూసుకుని బతికింది. ఒకరు ఒత్తిడి చేస్తే రెండోవారి వైపు ఒరగగలిగింది. ఇప్పుడు ఒరగడానికి ఎవరూ లేరు. ఉత్తరాన మాత్రం ఒకే ఒక రాజ్యం ఏడాదికేడాది బలుస్తోంది. ఇలాంటప్పుడు పొరుగును కూడగట్టుకోవాలి. జరిగింది దానికి వ్యతిరేకం.

పల్నాటి యుద్ధం మనకు శ్రీనాథుడి పేరున ఉన్న వీరచరిత్ర వల్ల, వీరవిద్యావంతుల పాటల వల్ల తెలుసు. ఆ సంప్రదాయం ప్రకారం హైహయుడైన అనుగురాజు చందవోలు రాచకూతురు మైలమదేవిని పెళ్లాడి పల్నాటిని అరణంగా పొందాడు. మైలమ కొడుకు నలగామరాజు. సవతి కొడుకులు మలిదేవాదులు. అంటే పల్నాటి యుద్ధభూమి కారెంపూడిలో జరిగినది చందవోలు ఇంటి ఆడపడుచు సంతానానికీ, ఆమె సవతి సంతానానికీ మధ్య తగాదా. 12వ శతాబ్దం చివరి భాగంలో జరిగిన ఆ యుద్ధంలో వెలనాటి వారు సహజంగానే నలగాముడి పక్షం నిలిచారు. కోట వారి వంటి ఇతర మండలాధిపతులూ దిగారు. మలిదేవాదుల మంత్రి బ్రహ్మనాయుడిదా, నలగాముడి మంత్రి నాగమ్మదా తప్పు అని మనం ఇప్పటికీ వాదించుకుంటాం. వెలనాటి వైపు నుంచి చూస్తే ఆ తీర్పు పెద్ద విషయం కాదు. కృష్ణకు కుడివైపున ఉన్న కుటుంబాలు తమలో తాము రక్తం ధారపోసుకున్నాయన్నదే విషయం. గొంకరాజు నాటి కూటమి కారెంపూడి నాగులేటి ఒడ్డున చెదిరిపోయింది.

ఆ వెంటనే రుద్రదేవుడు దిగాడు. ధరణికోట లొంగింది. 1186 నాటికి అతని శాసనం ద్రాక్షారామంలో పడింది. అదే ఏడు పిఠాపురంలో పృథ్వీశ్వరుడి వంశవృక్షం రాతి మీదికి ఎక్కింది. చందవోలు రాజు ఉనికి గోదావరికి ఆవలకు జరిగిందన్నమాట. పది పన్నెండేళ్లలో కాకతీయులకు కష్టం వచ్చింది. దేవగిరి యాదవులతో పోరులో రుద్రదేవుడు, అతని తర్వాత మహాదేవుడు ప్రాణాలు కోల్పోయారు. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు దేవగిరిలో బందీ అయ్యాడు. పృథ్వీశ్వరుడికి ఊపిరి తిరిగింది. తీరాన్ని మళ్లీ కూడగట్టాలనుకున్నాడు. కూడగట్టడానికి అప్పటికి మనుషులు మిగల్లేదు.

5. గణపతిదేవుడి లెక్క

1199లో విడుదలై గద్దెనెక్కిన గణపతిదేవుడు 1201 నాటికి బెజవాడలో ఉన్నాడు. తర్వాతి గురి దివిసీమ. 1203 నాటి కొండపర్తి శాసనం గణపతిదేవుడి కొలువులోని మల్యాల చౌండ సేనానిని దివిని కొల్లగొట్టినవాడిగా కీర్తిస్తుంది. కొల్లగొట్టాక గణపతిదేవుడు చేసిన పని చూడండి. దివి ప్రభువు పినచోడి కూతుళ్లు నారాంబ, పేరమాంబలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను తన దగ్గరకు తీసుకుని గజసేనకు అధిపతిని చేశాడు. ఓడిన ఇంటి కుర్రవాడే తర్వాత నృత్తరత్నావళి రాసిన జాయసేనాపతి. 1213లో చేబ్రోలులోనూ, 1231లో దివిలోని గణపేశ్వరంలోనూ అతను వేయించిన శాసనాల వల్లనే ఈ యుద్ధం గురించి మనకు ఇంత తెలిసింది.

కోట వారి సంగతి ఇంకా విచిత్రం. ప్రోలరాజును దహించామని బిరుదు చెప్పుకున్న ఆ వంశపు బేతరాజుకు గణపతిదేవుడు తన కూతురు గణపాంబనిచ్చి పెళ్లి చేశాడు. గణపాంబ ప్రోలరాజుకు మునిమనుమరాలు. పాత పగను పెళ్లితో కొట్టేశాడు. నెల్లూరు చోడులను కూడా తన పక్షాన నిలుపుకున్నాడు.

ఇప్పుడు పటం మీద చందవోలును చూడండి. తూర్పున దివి, వాయవ్యాన ధరణికోట, దక్షిణాన నెల్లూరు, మూడూ కాకతీయుల పక్షమే. ఒకప్పుడు గొంకరాజు వెనక నిలిచిన ఇళ్లే అవి. 1206 ప్రాంతాన పృథ్వీశ్వరుడు యుద్ధంలో చనిపోయాడు. అతని తలతో బంతులాడుకున్నామని గెలిచినవాళ్లు బిరుదు వేసుకున్నారు. అంత కసి ఎందుకంటే, అంతకాలం ఎదురునిలిచినవాడు కాబట్టి.

కాకతీయుల పాలన ఈ తీరానికి చెడు చేసిందని నేను అనను. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును ఇక దొరలు లాక్కోరని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో మాట ఇచ్చాడు. ఆ మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే, చినగంజాం దగ్గర ఉంది. కాకతీయుల ఓరుగల్లుకు మన తీరం ఎందుకు కావలసి వచ్చిందో ఆ శాసనమే చెబుతుంది. తీరం బాగుపడింది. దాని మీద మాట చెల్లించే హక్కు మాత్రం ఇక్కడివాళ్ల చేతిలో నుంచి పోయింది.

6. ఫిన్లండ్ ఏం చేసింది?

ఇదంతా పాతకాలపు రాజుల గొడవ అనుకునేవాళ్ల కోసం 20వ శతాబ్దం నుంచి ఒక ఉదాహరణ. 1939 నవంబరు 30న సోవియట్ యూనియన్ ఫిన్లండ్ మీద దాడి చేసింది. అప్పటికి ఆ దేశ జనాభా నలభై లక్షలకు లోపే. 1940 మార్చి దాకా పోరాడి, కరేలియా వదులుకుని సంధి చేసుకుంది. 1941లో ఆ నేల తిరిగి దక్కించుకోవాలని హిట్లర్ జర్మనీతో కలిసి యుద్ధానికి దిగింది. 1944 సెప్టెంబరులో సోవియట్‌తో మళ్లీ సంధి చేసుకుని, తమ నేల మీదున్న జర్మన్ సేనలనే తరిమికొట్టింది. అయిదేళ్లలో ఇన్ని మలుపులు. మొయ్యలేనంత నష్టపరిహారాన్ని 1952 నాటికి తీర్చేసింది. నాలుగు లక్షల మందికి పైగా కరేలియా కాందిశీకులకు ఇళ్లూ పొలాలూ చూపించింది. హెల్సింకీని పరాయి సైన్యం ఆక్రమించలేదు. పార్లమెంటు నిలబడింది.

హిట్లర్‌తో చేయి కలపడం మచ్చే, దాన్ని కడిగేయనక్కర్లేదు. నాకు ముఖ్యంగా కనబడేది మరొకటి. 1918లో ఫిన్లండ్‌లో ఎర్రవాళ్లూ తెల్లవాళ్లూ అంతర్యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్నారు. మన పల్నాడు లాంటిదే అది. ఇరవయ్యేళ్ల తర్వాత బయటి శత్రువు వచ్చినప్పుడు ఆ రెండు పక్షాల ఇళ్ల పిల్లలూ ఒకే కందకంలో నిలబడ్డారు. కారెంపూడి తర్వాత మన దగ్గర ఆ పని జరగలేదు. ఇక్కడి పగలను మాన్పింది ఓరుగల్లు రాజు. మాన్పినవాడికే సీమ దక్కింది.

7. తీర్పు

కాబట్టి నా తీర్పు ఇది. పొత్తులు మార్చినందుకు వెలనాడు పోలేదు. చోళుల నుంచి కల్యాణికి, కల్యాణి నుంచి తిరిగి చోళులకు మారి అది తన జనాన్ని కాపాడుకుంది, ఇంకా పెరిగింది. పైనున్న ఏలికలతో చేసిన పొత్తులు అవసరం కోసం పుట్టినవి, అవసరం తీరగానే పోతాయి. ఒకే ఎత్తున ఉన్న పొరుగుతో పొత్తు పోగొట్టుకున్న నాడు వెలనాడు పతనం మొదలైంది. చిన్న రాజ్యాలకే కాదు, చిన్న రాష్ట్రాలకూ, చిన్న ఊళ్లకూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం.

చివరగా ఒక విన్నపం. ఈ చరిత్రకు ఆధారాలు మన గుళ్లలోనే ఉన్నాయి. వాటి పాఠాలు చాలావరకు దక్షిణ భారత శాసన సంపుటాల్లో అచ్చయ్యాయి. రాళ్లు మాత్రం సున్నం పూతల కింద, రంగుల కింద, మరమ్మతుల్లో తిరగబడిన మెట్ల కింద మాయమవుతున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల చరిత్ర అధ్యాపకులను, విద్యార్థులను అడుగుతున్నాను. ఒక్కో తరగతి ఒక్కో ఊరు తీసుకోండి. శాసనమున్న ప్రతి రాయినీ ఫొటో తీసి, అచ్చులోని పాఠంతో పోల్చి, ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో రాసిపెట్టండి. ధర్మకర్తలూ పంచాయతీల పెద్దలూ సున్నం వేయించే ముందు ఆ గోడ మీద అక్షరాలున్నాయేమో చూడండి. మాస్టారి పేరున మనం చేయగలిగిన పని ఇంతకంటే మంచిది మరొకటి లేదు.